జరగని పనికి క్రియాపదం

ఒక పని జరిగిందనో, జరుగుతున్నదనో, జరగబోతున్నదనో చెప్పడంతో క్రియాపదం బాధ్యత తీరిపోదు; ఆ పనిని చెబుతున్న మనిషి దాన్ని నమ్ముతున్నాడా, కోరుకుంటున్నాడా, దానికి భయపడుతున్నాడా, అది ఇక ఎప్పటికీ జరగదని తెలిసి కూడా ఊహించుకుంటున్నాడా అన్న సంగతి సైతం చాలా భాషల్లో క్రియ చివరనే తేలుతుంది. కాలం వేరు, ఈ వైఖరి వేరు. ఇంగ్లీషు వ్యాకరణవేత్తలు ఈ వైఖరికి ‘మూడ్’ అని పేరు పెట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే రూపాన్ని ‘ఇండికేటివ్’ అనీ, ఆజ్ఞాపించే రూపాన్ని ‘ఇంపరేటివ్’ అనీ, ఊహకూ కోరికకూ అసంభవానికీ కేటాయించిన రూపాన్ని ‘సబ్జంక్టివ్’ అనీ విభజించారు. వీటిలో మొదటిదాన్ని తెలుగులో నిశ్చయార్థకమనీ రెండోదాన్ని విధ్యర్థకమనీ అనవచ్చు గాని, మూడోదానికి సరిపడే ఒక్క పేరు తెలుగు వ్యాకరణంలో దొరకదు, ఎందుకంటే అది చేసే పనిని తెలుగు నాలుగైదు రూపాలకు పంచిపెట్టింది.

ఇది పండితుల బల్లమీద పుట్టిన విభజన కాబట్టి పొలంగట్టున దీనితో పనిలేదనుకోవడం సరికాదు. గుంటూరు నుంచి పర్చూరు వైపు సాగే దారిలో ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తీ మిరపా వేసే రైతుల మాటల్లో పెద్ద భాగం జరిగినదాన్ని గురించి కాదు. జరిగితే బాగుండునన్నదాన్ని గురించి, జరగకుండా ఉండి ఉంటే ఎలా ఉండేదన్నదాన్ని గురించి. నల్లతామర రాకపోయి ఉంటే మిరప చేతికి వచ్చేది. యార్డులో ధర నిలబడితే కౌలు తీరుతుంది. గుంటూరు ఛానల్‌ను పర్చూరు దాకా పొడిగిస్తే చివరి పొలాలకూ నీరందుతుంది. ఈ మూడో వాక్యమైతే ఈ ప్రాంతపు సభల్లోనూ వినతిపత్రాల్లోనూ ఏళ్ళ తరబడి వినిపిస్తున్నదే. రేడియోలో వచ్చే వాతావరణ సూచన కూడా వాన పడుతుందని చెప్పదు, పడే అవకాశం ఉందని మాత్రమే అంటుంది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలు వింటూ వచ్చిన రైతు ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాను ఏ వ్యాకరణమూ చదవకుండానే పట్టుకుని, విత్తనం పెట్టాలో మరో వారం ఆగాలో తేల్చుకుంటాడు.

సాహిత్యంలో ఈ తేడా ఏ పని చేస్తుందన్నది ఇక్కడి ప్రశ్న. అసంభవాన్ని చెప్పడానికి భాషలో ఒక రూపం ఉన్నప్పుడు కవి దాన్ని వాడుకుంటాడన్నది అందరికీ తోచే సమాధానమే. కాని ఈ మైదానంలో పుట్టిన, ఈ మైదానంలో ఎక్కువగా వినిపించే రచనలను దగ్గరగా చూస్తే ఇంకొకటి బయటపడుతుంది. ‘అయితే’ అనవలసిన చోట ‘అయినప్పుడు’ అనడం, ‘ఉండేవాళ్ళం’ అనవలసిన చోట ‘ఉంటాం’ అనడం, అంటే అసంభవానికి తగిన రూపాన్ని పక్కనబెట్టి నిశ్చయానికి చెందిన రూపాన్ని దానికి తొడగడం ద్వారానే ఈ రచనలు తమ బలమైన ఘట్టాలను సాధించాయి.

ముందుగా ఇంగ్లీషు సంగతి. తొలినాటి ఇంగ్లీషులో క్రియలకు సబ్జంక్టివ్ ప్రత్యయాలు వేరుగా ఉండేవి. మధ్యయుగాల్లో పదాల చివరి అక్షరాలు అరిగిపోతూ వచ్చేసరికి వాటితోపాటు ఆ రూపాలూ చాలావరకు కలిసిపోయాయి. మిగిలినవి రెండే. ఒకటి, కోరికలోనూ ఆదేశంలోనూ ప్రత్యయం లేకుండా నిలిచే క్రియ. రాజును దేవుడు కాపాడుగాక అన్న అర్థంలో ‘గాడ్ సేవ్ ది కింగ్’ అన్నప్పుడు ‘సేవ్స్’ కాకుండా ‘సేవ్’ అనే ఉండటానికి కారణం అదే. రెండోది, ఏకవచన కర్తకు సైతం ‘వాజ్’ బదులు ‘వర్’ రావడం. మాట్లాడేవాడు తాను రాజును కానని తెలిసి, రాజునే అయితే అని ఊహించేటప్పుడు వాడేది ఈ ‘వర్’. 1926లో ప్రచురించిన తన వాడుక నిఘంటువులో ఫౌలర్ ఈ మూడ్ దాదాపు కొనవూపిరితో ఉన్నదని తీర్పు చెప్పాడు గాని, వందేళ్ళు కావస్తున్నా అది పోలేదు; ముఖ్యంగా అమెరికా ఇంగ్లీషులో దాని మొదటి రూపం నిక్షేపంగా ఉన్నది. తెలుగు విద్యార్థికి మాత్రం ఇది ఒక మార్కు ప్రశ్నగానే పరిచయమవుతుంది, ‘ఇఫ్’ తర్వాత ‘వర్’ రాయాలన్న సూత్రం తప్ప ఆ ‘వర్’ ఏ పని చేస్తుందో చెప్పే పాఠం అరుదు.

ఆ పని ఏమిటో షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ మొదటి అంకం ఏడో రంగంలో స్పష్టంగా కనిపిస్తుంది. తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజును చంపాలా వద్దా అని మాక్బెత్ ఒంటరిగా తర్కించుకుంటూ మొదలుపెట్టే వాక్యంలో ఊహను చెప్పే ‘వర్’ మూడుసార్లు వస్తుంది, నిశ్చయాన్ని చెప్పే ‘ఈజ్’ వాటి మధ్య ఒక్కసారి వస్తుంది. హత్యను అతడింకా ఊహలోనే ఉంచదలచుకున్నాడు, కనుకనే ‘వర్’. కాని ఆ ఊహ మధ్యలోనే హత్య జరిగిపోయినట్టు ఒక క్రియ దొర్లుతుంది. చంపుతాడా చంపడా అన్న ఉత్కంఠ ప్రేక్షకుడికి మిగిలి ఉన్నా, అతడి వ్యాకరణం అప్పటికే ఒప్పుకున్నది. 1681లో, కవి మరణానంతరం అచ్చయిన ఆండ్రూ మార్వెల్ ప్రేమకవిత ఇందుకు భిన్నమైన పద్ధతిలో నడుస్తుంది. అంతులేని కాలం తమకు ఉండి ఉంటే ప్రియురాలు గంగ ఒడ్డున కెంపులు ఏరుకుంటూ ఉండగా తాను హంబర్ నది ఒడ్డున విరహంతో యుగాలు గడపడానికైనా సిద్ధమేనని కవి మొదటి భాగమంతా అసంభవపు క్రియలతో నింపి, కాలం వెంటతరుముతున్నదని రెండో భాగంలో ఒక్కసారిగా నిశ్చయార్థకంలోకి దిగి, మూడో భాగంలో అందువల్ల ఇప్పుడే అంటాడు. ఆ మొదటి భాగపు విలాసమంతా ‘ఉండి ఉంటే’ అన్న రూపం ఇచ్చిన సెలవే. అది ముగిసిందని చెప్పడానికి కవికి వేరే వాదన అవసరం లేకపోయింది, క్రియ మారితే చాలింది.

సంస్కృతంలో ఈ వ్యవస్థ మరింత విశదంగా ఉన్నది. పాణిని క్రియారూపాలను లకారాల పేరిట పదిగా విభజించాడు. వాటిలో ‘లేట్’ అన్నది వేదభాషలో మాత్రమే కనిపించే రూపం, యూరపు పండితులు సబ్జంక్టివ్ అని గుర్తించినది దాన్నే. మరొకటి ‘లృఙ్’, కారణం జరగలేదు కాబట్టి కార్యమూ జరగలేదని చెప్పవలసిన చోట మాత్రమే అది వస్తుంది. ఇలా పని తప్పిపోవడానికి పాణిని పెట్టిన పేరు క్రియాతిపత్తి. జరగనిదానికంటూ ఒక లకారాన్ని ప్రత్యేకంగా ఉంచుకున్న ఆ పద్ధతిని తెలుగు వ్యాకరణవేత్తలు నేరుగా తీసుకోలేదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి నేటి పాఠ్యపుస్తకాల దాకా షరతును చెప్పే అసమాపక క్రియకు చేదర్థకం అన్నదే పేరు; ‘చేత్’ అంటే సంస్కృతంలో అయితే అని. పాతభాషలో ‘వచ్చిన’, ‘వచ్చెనేని’ అనేవి చేదర్థకాలు, నేటి వాడుకలో ‘వస్తే’. దీవెనకూ శాపానికీ ‘గాక’, ‘గాత’ అనేవాటితో ఏర్పడే ఆశీరర్థకం ఉన్నది. అవుతుందో కాదో తేలనిదానికి ‘రావచ్చు’, ‘కావచ్చు’ వంటి సంభావన రూపాలున్నాయి. ఇక ‘వాన కురిస్తే బాగుండు’ అన్నప్పటి ‘బాగుండు’ ఏ కాలానికీ కట్టుబడకుండా కోరికకే అంకితమైపోయిన రూపం. దాన్ని ‘బాగుండేది’ అని మార్చినంతనే కోరిక తీరే గడువు దాటిపోతుంది.

ఒక్క ‘తే’ ప్రత్యయం ఎంత దూరం సాగుతుందో సామెతలు చూపిస్తాయి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్న సామెతలో ‘కురిస్తే’ జరగగల పని. అత్తకు మీసాలొస్తే చిన్నమామ అవుతుందన్న సామెతలో ‘వస్తే’ ఏనాటికీ జరగని పని. రెండింటికీ రూపం ఒక్కటే, రెండు వాక్యాల చివరా నిశ్చయార్థక క్రియే. మీసాల సామెతలో అసంభవపు రూపం వాడి, మీసాలు వచ్చి ఉంటే చిన్నమామ అయ్యేదని అంటే వ్యాకరణం మరింత కచ్చితమవుతుంది, ఎగతాళి మాత్రం ఎగిరిపోతుంది. అసాధ్యమైనదాన్ని సాధ్యమైనదాని వరుసలో నిలబెట్టి ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టడంలోనే ఆ హాస్యమంతా ఉన్నది. తెలుగు కవులు కనిపెట్టినట్టు కనబడే అనేక పద్ధతులు ఇలా పేరులేని వాళ్ళ నోట ముందే సిద్ధమై ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

తెలుగులో మరో విశేషం ఉన్నది, దీన్ని పాఠశాల వ్యాకరణాలు పట్టించుకున్నట్టు కనబడదు. ‘నాన్న ఉంటే కల్లం దగ్గరే పడుకునేవాడు’ అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి. తండ్రి ఊళ్ళో ఉన్న రోజుల్లో ఎండబెట్టిన మిరపకు కాపలాగా కల్లం దగ్గరే పడుకోవడం ఆయన అలవాటని ఒక అర్థం. ఆయన ఇవాళ బతికి ఉంటే ఈ పంటకు అలా కాపలా కాసేవాడని రెండో అర్థం. మొదటిది నిజంగా పలుమార్లు జరిగినది, రెండోది ఒక్కసారైనా జరగనిది. వాటి మధ్య ఒక మరణమున్నది. అయినా ‘పడుకునేవాడు’ అన్న ఒకే రూపం రెండింటినీ మోస్తున్నది. ఇంగ్లీషులో ‘వుడ్’ అనే సహాయక్రియ సైతం ఈ రెండు పనులూ చేస్తుంది, గాని షరతు భాగంలో ఇంగ్లీషు వాక్యం సాధారణంగా ఏదో ఒక వైపుకు తేల్చేస్తుంది. తెలుగులో ‘ఉంటే’ కూడా రెండువైపులా నిలబడుతుంది కాబట్టి సందేహం వాక్యమంతటా పరుచుకుంటుంది. జ్ఞాపకమూ తీరని కోరికా ఒకే క్రియను పంచుకోవడం వల్ల తెలుగు కథనాల్లో చనిపోయినవాళ్ళను తలుచుకునే ఘట్టాలు, కథకుడు ప్రత్యేకంగా ప్రయత్నించకపోయినా, గతానికీ అసంభవానికీ నడుమ ఊగుతూ ఉంటాయి. దీన్ని లోపమనడం కంటే సొత్తు అనడమే న్యాయం.

ఇక పద్యానికి వస్తే, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో రాత్రంతా సాగే పౌరాణిక నాటకాల ద్వారా చదువుకోనివారికి సైతం కంఠతా వచ్చిన రచన తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. అందులోని రాయబార ఘట్టం సంధి కోసం నడిచేది కాబట్టి దాని పునాది చేదర్థకమే: అయిదూళ్ళిస్తే యుద్ధం ఉండదు, ఇవ్వకపోతే ఉంటుంది. షరతు అన్నది ఎదుటివాడికి రెండు దారులు చూపిస్తుంది, ఎంచుకునే హక్కు అతడిదేనని ఒప్పుకుంటుంది. కాని ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేసి మళ్ళీ మళ్ళీ పాడించుకునే రెండు పద్యాల దగ్గరకు వచ్చేసరికి శ్రీకృష్ణుడి నోట ఆ షరతు మాయమవుతుంది. అర్జునుడు గాండీవం పట్టుకుని కౌరవ సేనను చెండాడితే అని ఆయన అనడు, చెండాడుతున్న సమయంలో అంటాడు. కోపమంటే ఏమిటో తెలియని ధర్మరాజుకు కోపం వస్తే అని అనడు, వచ్చిన రోజున అంటాడు.

ఈ మార్పు చిన్నది, దాని ఫలితం చాలా పెద్దది. ‘వస్తే’ అన్న చోట రాకపోవడానికీ చోటుంటుంది. ‘వచ్చిన రోజున’ అన్న చోట ఆ రోజు పంచాంగంలో ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది, అది ఎప్పుడన్నదే తెలియాలి. షరతును కాలంగా మార్చడం వల్ల బెదిరింపు జోస్యమవుతుంది. దుర్యోధనుడు ఇంకా నిర్ణయం తీసుకోలేదని సభలో అందరూ అనుకుంటూ ఉండగానే ఎంపిక అతడి చేయి జారిపోయిందని శ్రీకృష్ణుడి క్రియాపదాలు చెబుతున్నాయి. సంధి మాటల మధ్య ఈ పద్యాలు రావడం వల్ల రాయబారిగా వచ్చినవాడికి ఫలితం ముందే తెలుసునన్న భావన ప్రేక్షకుడిలో కలుగుతుంది. భారతకథ తెలిసినవారు దీన్ని దైవజ్ఞానమంటారు. వ్యాకరణం వైపు నుంచి చూసేవారికి ఇది ‘తే’ ఉండవలసిన చోట ‘నాడు’ ఉండటం.

జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్ధతి దీనికి దగ్గరదే అయినా దాని గమ్యం భయం కాదు, జాలి. కరుణశ్రీగా పేరుపొందిన ఈ కవి 1912లో కాకుమాను ప్రాంతంలోని కొమ్మూరులో పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసినవాడు. ఘంటసాల కంఠం ద్వారా ఆయన పుష్పవిలాపం రేడియో ఉన్న ప్రతి ఇంటికీ చేరింది. పూజకు పూలు కోయడానికి తెల్లవారుతూనే తోటకు వెళ్ళిన మనిషితో పూలు మొరపెట్టుకోవడం అందులోని వస్తువు. తమకున్న కొద్దిపాటి ఆయుష్షును కన్నతీగ ఒడిలోనే గడుపుతామనీ, ఆయువు తీరాక ఆ తల్లి పాదాల దగ్గరే రాలుతామనీ పూలు చెప్పుకునే సందర్భంలో గమనించవలసింది క్రియ. కోయడానికి చేయి అప్పటికే చాచి ఉన్నది కాబట్టి తర్కం ప్రకారం పూలు ‘నువ్వు కోయకపోతే ఇలా బతికేవాళ్ళం’ అని అసంభవపు రూపంలో మాట్లాడవలసి ఉండగా, కవి వాటి చేత షరతు లేని మామూలు రూపంలో మాట్లాడించాడు.

తెలుగులో ఆ మామూలు రూపానికి వ్యాకరణం పెట్టిన పేరు తద్ధర్మార్థకం, అంటే ఒకదానికి సహజమైన ధర్మాన్ని చెప్పేది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది ధర్మం, రేపు వస్తాడన్నది భవిష్యత్తు. తెలుగు క్రియ వీటిని విడదీయదు. అందువల్ల పూలు చెప్పేది ఏకకాలంలో ‘ఇది మా స్వభావం’ అనీ, ‘ఇక మీదట మేము చేయబోయేది ఇది’ అనీ రెండు విధాలా వినిపిస్తుంది. తమ భవిష్యత్తు మీద వాటికి సందేహం లేదు, సందేహమంతా వినేవాడిది. వాక్యంలో లేని ‘కోయకపోతే’ అన్న మాటను శ్రోత తనంతట తానే చేర్చుకోవలసి వస్తుంది, చేర్చుకున్న మరుక్షణం కోయబోయిన చేయి తనదే అవుతుంది. ఈ పద్యాల్లో భావోద్వేగం పాలు ఎక్కువని విమర్శించినవాళ్ళున్నారు, ఆ విమర్శలో కొంత నిజమూ ఉన్నది. కాని పద్యం పట్టుకున్నది భావోద్వేగపు మాటలతో కంటే ఈ క్రియల అమాయకత్వంతోనే అనిపిస్తుంది. ఆయనదే అయిన కుంతీకుమారి కథకు మూలంలోనే ఒక చేదర్థకం ఉన్నది. జపిస్తే దేవుడు వస్తాడని దుర్వాసుడు ఇచ్చిన మంత్రాన్ని నిజంగా వస్తాడా అని పరీక్షించబోయిన కన్యకు, షరతు అన్నది ఆడుకునే వస్తువు కాదని తెలిసేసరికి చేతిలో బిడ్డ ఉన్నాడు.

గుర్రం జాషువా గబ్బిలం ఈ పద్ధతులన్నింటిలోనూ ఎక్కువ ఆలోచించవలసినది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా ఈ కావ్యాన్ని 1941లో వెలువరించాడు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా కూడా పనిచేసిన ఆయనకు, ఎదుట కనబడని శ్రోతతో మాట్లాడటమంటే ఏమిటో కావ్యంలోనూ ఉద్యోగంలోనూ తెలుసు. అంటరానివాడన్న ముద్రతో గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని ఒక పేదవాడు, తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో శివుడికి కబురు పంపడం అందులోని కథ. కాళిదాసు మేఘసందేశం దీనికి మాతృక అన్న సంగతి ప్రసిద్ధమే. తెలుగు విమర్శ ఈ రెండింటినీ పాత్రల వైపు నుంచి పోల్చినంతగా క్రియల వైపు నుంచి పోల్చలేదు.

మేఘసందేశంలో యక్షుడి శాపానికి గడువున్నది. ఏడాది శాపంలో నాలుగు నెలలే మిగిలాయి, విష్ణువు యోగనిద్ర నుంచి లేచే ఏకాదశి రోజుకు అది తీరుతుంది. కాబట్టి ప్రియురాలితో తిరిగి కలవడం గురించి యక్షుడు ఏ షరతూ లేకుండా, రాబోయే రుతువు గురించి చెప్పినంత ధైర్యంగా చెప్పగలడు. అక్కడ అసంభవమైనది ఒక్కటే, మేఘం కబురు మోయడం. పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన మేఘమెక్కడ, ప్రాణులు మోయవలసిన సందేశమెక్కడ అని కాళిదాసు ఆ సందేహాన్ని మొదట్లోనే లేవనెత్తి, ప్రేమలో ఉన్నవాడికి ఆ విచక్షణ ఉండదని తోసేశాడు. జాషువా కథానాయకుడి శిక్షకు గడువు లేదు. అతడు చేసిన తప్పు లేదు కాబట్టి తీరిపోయే శాపమూ లేదు. అతడి బాధ ఎప్పటికి ముగుస్తుందో చెప్పే ఏకాదశి ఏ పంచాంగంలోనూ లేదు. అంటే యక్షుడికి అందుబాటులో ఉన్న భవిష్యత్ క్రియ ఇతడికి అందదు.

మరి అతడికి మిగిలినదేమిటి? న్యాయంగా చూస్తే ‘నాకే ప్రవేశముంటే నేనే చెప్పుకునేవాడిని’ అన్న క్రియాతిపత్తి అతడిది. దాన్ని వాడి ఉంటే కావ్యం నిట్టూర్పుగా మిగిలేది. జాషువా అతడి చేత ఆ వాక్యం పలికించకుండా, గబ్బిలానికి పని చెప్పించాడు. గర్భగుడి కప్పుకు తలకిందులుగా వేలాడే ఆ జీవికి దేవుడి చెవి దగ్గర. కాబట్టి పూజారి అక్కడ లేని సమయం చూసి తన కథ విన్నవించమంటాడు. ఇక్కడ షరతు మళ్ళీ కాలంలోకి మారింది, రాయబార పద్యాల్లో మారినట్టే. కాని మారిన తీరు పూర్తిగా వేరు. శ్రీకృష్ణుడి ‘నాడు’ ఒక మహాయుద్ధాన్ని తప్పించుకోలేని నిశ్చయంగా చేస్తే, ఈ పేదవాడి ‘లేని సమయం’ రోజూ జరిగే ఒక చిన్న ఖాళీని, పూజారి ఇంటికి వెళ్ళే వేళను, అవకాశంగా ఎత్తి చూపిస్తుంది. పూజారి లేకపోతే అని అతడు అనడు. పూజారి లేకుండా పోయే రోజును అతడు ఊహించనైనా ఊహించడు. ఉన్న వ్యవస్థ ఉన్నట్టే ఉండగా, దాని కాపలాలో ఎక్కడ కాస్త ఎడం దొరుకుతుందో చూసుకునే మనిషి వ్యాకరణమది, ఆ చూపులోని వ్యంగ్యం ఏ ఆక్రోశానికీ తీసిపోదు.

విధ్యర్థకానికి సాధారణంగా పైవాడు కింది వాడితో మాట్లాడే రూపమన్న పేరున్నది. అదే రూపం ప్రార్థనలో కింది వాడి నోట పైవాడి వైపు తిరుగుతుంది. ‘ఇవ్వు’ అన్న ఒకే క్రియ యజమాని నోట ఆజ్ఞ, భక్తుడి నోట వేడికోలు. గబ్బిలంలో మాట్లాడేవాడికి ఆజ్ఞాపించడానికి లోకంలో మరెవరూ లేరు, అతడి మాటను పాటించే స్థితిలో ఉన్నది ఒక అశుభపక్షి మాత్రమే. అది కూడా లోకం దృష్టిలో వెలివేసినదే. కాబట్టి అతడి విధిరూపాలు ఆజ్ఞకూ ప్రార్థనకూ మధ్య నిలబడి, వినేవారిని బట్టి అర్థం మార్చుకుంటాయి. హిందువులందరికీ దేవాలయ ప్రవేశాన్ని హక్కుగా ఇచ్చిన చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చింది 1947లో, గబ్బిలం వెలువడిన ఆరేళ్ళకు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం పదిహేడో అధికరణంలో అంటరానితనం రద్దయిందని కోరికగా కాదు, జరిగిపోయిన పనిగా, పూర్తి నిశ్చయార్థకంలో ప్రకటించింది. ఆ తర్వాత 1985లో కారంచేడులోనూ 1991లో చుండూరులోనూ దళితుల ఊచకోతలు చూసిన ఈ ప్రాంతంలో ఆ క్రియను చదివేవారికి, చట్టం సైతం జరగవలసినదాన్ని జరిగినట్టు చెప్పే రచనల వర్గంలోకే వస్తుందన్న అనుమానం కలిగితే తప్పుపట్టడం కష్టం.

షరతును తీసేయడం ఈ ప్రాంతంలో కవిత్వానికే పరిమితం కాలేదు. దేశం సహాయ నిరాకరణ నియమాలను నెరవేరిస్తే ఏడాదిలో స్వరాజ్యం వస్తుందని 1920లో గాంధీజీ చెప్పిన మాట అచ్చమైన చేదర్థక వాక్యం. దాని మొదటి సగం ఎంత బరువైనదో ఆయనకు తెలుసు. జనం నోట మాత్రం ఏడాదిలో స్వరాజ్యం వస్తుందన్న రెండో సగమే మిగిలింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు ఫిర్కా రైతులు 1921-22లో శిస్తు కట్టబోమని నిలబడినప్పుడు వాళ్ళు ఆ రెండో సగాన్నే ఆచరణలో పెట్టారు. గాంధీజీ ఆ మొదటి సగాన్ని మళ్ళీ గుర్తుచేసేసరికి 1922 ఫిబ్రవరిలో ఆ ఉద్యమం ఆగిపోయింది.

దాదాపు ఆ కాలంలోనే, పల్నాటి పుల్లరి (పశువుల మేత పన్ను) సత్యాగ్రహంలో పాల్గొని రాయవేలూరు జైలులో ఉన్న ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవల రాశాడు. 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టిన ఆయన న్యాయవాది కాబట్టి, ‘అయిన పక్షంలో’, ‘కాని పక్షంలో’ అన్న భాష ఆయనకు వృత్తిరీత్యా అలవాటైనదే. నవలలో మాత్రం ఆ భాషకు చోటివ్వలేదు. రామదాసు కొడుకు సంగదాసు పెత్తందారు చేతిలో హతుడవుతాడు. మరో కొడుకు వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచే దారి పడతాడు. అయినా నవలకు రచయిత పెట్టిన మరో పేరు సంగవిజయం. చచ్చిపోయినవాడికి విజయమేమిటన్న ప్రశ్నకు కథ ఇచ్చే సమాధానం, అతడు బతికి ఉంటే ఇవన్నీ సాధించేవాడన్నది కాదు, అవి సాధించబడుతున్నాయన్నదే. కులం లేని పొత్తు, కూలివాడి చదువు, సమానమైన పంపకం వంటివి 1922 నాటి పల్లెల్లో ‘జరిగితే’ అన్న మాటకు సైతం నోచుకోనివి. వాటిని నవల సాదాసీదా భూతకాలంలో, వెళ్ళాడు, చెప్పాడు, చేశారు అన్న క్రియలతో నడిపించింది.

నవల అన్న ప్రక్రియకే ఈ సౌకర్యం ఉన్నది. దాని ‘ఒకవేళ’ అంతా అట్టమీదనే, నవల అన్న మాటలోనే, ఖర్చయిపోతుంది కాబట్టి లోపలి వాక్యాలు నిజాయితీగా జరిగినట్టే చెప్పుకోవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పీఠికతో వెలువడిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం మామూలు కల్పనగా తీసుకోలేదు. అలా జరగాలని కోరే తీర్మానాలు ఆ రోజుల్లో సభ సభకూ వెలువడుతూ ఉండగా, అలా జరిగినట్టు రాసిన నవల మీద నిషేధం పడింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తర్వాత గాని మాలపల్లి మళ్ళీ స్వేచ్ఛగా పాఠకుల చేతికి రాలేదు.